పాత సున్నం గోకే పనితనం
ఏటా సంక్రాంతికి వేసిన సున్నం గోడ మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. గోడ దెబ్బతినకుండా ఆ పొరలను తీయడం రంగులు వేసే పనిలోకెల్లా ఎక్కువ ఓపిక కోరే భాగం. నెల్లూరికి ఎదురుగా పెన్న ఉత్తరపు ఒడ్డునున్న కోవూరులో దీనికి మరింత జాగ్రత్త కావాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానలకు పాత గోడలు చెమ్మ పీలుస్తాయి. ఆరేటప్పుడు ఉప్పు తెల్లగా పైకి తేలి సున్నాన్ని పెచ్చులుగా లేపుతుంది. పనివాడు ముందు గోడను వేలి మెటికలతో తట్టి వింటాడు. బోలుగా మోగిన చోట పూత వదులైనట్టే. తర్వాత కుంచెతో బారెడు మేర తడిపి, నీరు ఇంకేదాకా ఆగి, గీకే రేకును గోడకు దాదాపు ఆనించి వాలుగా తోస్తాడు. నిలబెట్టి గీకితే కింది పూతకు గాట్లు పడతాయి. ఆకుపచ్చ కింద పసుపు, పసుపు కింద నీలిమందు కలిపిన తెలుపు, అలా ఆ ఇంటి వెనకటి పండగలన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి. స్విచ్చుబోర్డు చుట్టూ మాత్రం నీళ్లు తగలనివ్వక, రేకు మూలతో పొడిగానే గీకుతాడు. ఆ నేర్పు నిలబడి చూడదగ్గది. ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని గరుకు కాగితంతో రుద్ది, కడిగి, ఆరాక అరచేత్తో నిమురుతాడు. తెల్లపొడి అంటితే మళ్లీ రుద్దుడే. కొత్త రంగు కింద పూర్తిగా మరుగునపడే ఈ శ్రమ వల్లే ఆ రంగు ఊడకుండా నిలుస్తుంది, పక్కల మీద సున్నం రాలదు, గోడకు ఆనుకున్నవారి వీపుకు తెలుపు అంటదు.