విజయనగరం గొంతు

ఘంటసాల పద్యం పాడితే చివరి పాదం దగ్గర ఒక రాగం తీస్తారే, ఆ కాసేపట్లో గొంతు మంద్రం నుంచి తారకి ఎక్కి, అంచు చెదరకుండా కిందికి దిగివస్తుంది. బిగింపు లేదు, అరుపు లేదు. ఈ పనితనం మద్రాసు స్టూడియోల్లో అబ్బిందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మద్రాసు ఆయనకి మైకు ఇచ్చింది. గొంతు తయారైంది విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో, పట్రాయని సీతారామశాస్త్రి గారి ఎదుట కూర్చుని.

పూసపాటి విజయరామ గజపతిరాజు గారు 1919లో ఆ కాలేజీ పెట్టారు. కొలువులో ఉన్న ఒకాయన కొడుక్కి చూపు లేదనీ, ఆ కుర్రాడికి సంగీతం చెప్పించడానికే పెట్టారనీ ఊళ్ళో చెప్పుకుంటారు. తరవాత ప్రభుత్వం చేతికి వచ్చింది. చరిత్ర ఇంతతో చాలు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఒక్కోదానితో ఒక్కో తాళం వేస్తూ పాడి మెప్పించిన మహానుభావుడు! వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామినాయుడు గారు. విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయింపు విని ఏకంగా ఆచార్యుడి పీట వేశారట. అప్పటికి ఆయనకి ఇంచుమించు పాతికేళ్ళు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. పక్కవాద్యంగా ఒదిగి ఉండే ఫిడేలుకి ఒంటరిగా కచేరీ చేసే హోదా తెచ్చినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉంటారు.

గాత్రం క్లాసులో ఏం నేర్పుతారని బయటివాళ్ళు అడుగుతారు. పాటలు నేర్పుతారనుకుంటారు పాపం. మొదట్లో పాట ఊసే ఉండదు. మాయామాళవగౌళలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు. ఆ రాగమే ఎందుకంటే, అందులో షడ్జం పక్కనే రిషభం అంటుకుని ఉంటుంది, ఆ పైన గాంధారానికి ఒక్క పెద్ద అంగ, మళ్ళీ మధ్యమం పక్కనే. పంచమం నుంచి పైషడ్జం దాకా ఇదే కొలత ఇంకోసారి. దగ్గరా దూరమూ రెండూ గొంతుకి ఒకేసారి అలవడతాయి. ఈ ఏర్పాటు పురందరదాసు గారిదని చెబుతారు.

తరవాత మూడు కాలాలు. ఆదితాళం ఒక్క ఆవర్తంలో మొదటి కాలంలో 8 స్వరాలు, రెండో కాలంలో 16, మూడో కాలంలో 32. తాళం వేసే చెయ్యి మాత్రం అదే నడక నడవాలి. కొత్తవాళ్ళు మూడో కాలంలో చేతిని కూడా పరిగెత్తిస్తారు. మాస్టారు ఏమీ అనరు, వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపి, మళ్ళీ మొదటి కాలం దగ్గర నిలబెడతారు. జంట వరుసల్లో రెండో స్వరాన్ని కింది స్వరం నుంచి తట్టి పలకాలి. గమకానికి అక్షరాభ్యాసం అక్కడే. ఇక అసలు పరీక్ష అకారం. 'సరిగమ' అని పేర్లు పలికినంతసేపూ నాలుక ఆసరా ఇస్తుంది. అదే వరుస నోరు తెరిచి ఉత్త 'ఆ'తో పాడమంటే ఆ ఆసరా పోయి, ఏ స్వరం జారిందో గదిలో అందరికీ వినిపిస్తుంది. అందుకే తెల్లవారుజామున లేచి మంద్రంలో సాధకం చెయ్యమనేవారు పెద్దలు. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్ళు అయిదు, అయిదున్నర దగ్గర, ఎవరి గొంతుకి ఏది సహజమో అదే కట్టుకోవాలి. పై స్వరం అందలేదని దొంగగొంతు పెడితే మంచి గురువు అక్కడే ఆపేస్తాడు.

ఇలా సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్ళు, ఆ పైన డిప్లొమా రెండేళ్ళు. వర్ణం దాకా రావడానికే ఓపిక ఉండాలి.

ఆ ఓపిక ఘంటసాలకి ఉంది. ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. భుజాన జోలె వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుని తిన్నాడు. శాస్త్రిగారు పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. తన హార్మణీ తనే వాయించుకుంటూ కచేరీ చేసిన విద్వాంసుడాయన. సాహిత్యంలో భావం చెడకుండా రాగం నడపడం ఆయన దగ్గర చూడాలి! శిష్యుడి పద్యాల్లో ఆ పోలిక వినబడుతూనే ఉంటుంది. పి. సుశీల గారిదీ ఆ ఊరే, ఆ కాలేజీయే. ఆవిడ పాటలో హల్లు ఎంత తేటగా పలికినా స్వరం తొణకదు. నేదునూరి కృష్ణమూర్తి గారూ అక్కడ చదివినవారే. శ్రీపాద పినాకపాణి గారి దగ్గర మెరుగు పెట్టుకున్నారు, కాదనను. పునాది మాత్రం విజయనగరానిదే, ఈ మాట నేను వెనక్కి తీసుకోను. 1991లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. అన్నమయ్య కీర్తనలకి ఆయన కట్టిన వరసలు ఇవాళ తెలుగువాళ్ళ ప్రతి పూజగదిలోనూ ఉన్నాయి, కట్టిందెవరో తెలియకుండానే.

ఇప్పుడేం జరుగుతోంది? 'పది క్లాసుల్లో పాట' అని బోర్డులు. ఫోన్లో కరోకే పెట్టుకుని, గాయకుడి ఊపిరితో సహా అనుకరించడం, దానికి ప్రైజు. టీవీ పోటీకి పిల్లని తయారుచెయ్యమంటూ తల్లిదండ్రులు గురువుల్ని తొందరపెడతారు. సరళీ వరుసలు అంటే 'అవి తరవాత చూద్దాం లెండి, ముందు ఈ పాట' అంటారు. ముగ్గుపిండితో గోడ కడతామన్నట్టు! శ్రుతి తప్పితే మీట నొక్కి సరిచేసే యంత్రం వచ్చాక శ్రుతి కలిపే చెవి ఎవడిక్కావాలి? ఆ యంత్రం సవరించిన గొంతు నున్నగా ఉంటుంది నిజమే. పన్నెండేళ్ళ పిల్ల గంటసేపు మైకు లేకుండా పాడితే ఆ గొంతు ఏమవుతుందో ఏ జడ్జీ చెప్పడు. గట్టిగా అరిపించి అరిపించి పదహారేళ్ళకే బొంగురుపోయిన పిల్లల్ని చూశాను. వాళ్ళ తప్పేముంది?

ప్రభుత్వ సంగీత కళాశాలల సంగతి ఎత్తితే మనసు ఇంకా చేదవుతుంది. మాస్టారు రిటైరైతే ఆ కుర్చీలోకి మరొకరు రావడానికి ఏళ్ళు పడుతుంది. వచ్చేది కూడా చాలాచోట్ల గంటల లెక్కన జీతం పుచ్చుకునే కుర్రవాళ్ళు. నెల జీతానికి దిక్కులేనివాడు తెల్లవారుజామున ఎవరి చేత సాధకం చేయిస్తాడు? తంబురాలు మూల కూర్చున్నాయి, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె నొక్కితే పనైపోతోంది. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద నూలుపోగు దూర్చి, వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, ఆ ఝుంకారం విచ్చుకునే చోటు పట్టుకోవడం సగం సంగీతం. చెవి పదునెక్కేది ఆ పనిలోనే.

అయ్యా, అధికారం చేతిలో ఉన్నవారికి నా విన్నపం ఇంతే. శతజయంతి దాటిన కాలేజీకి విగ్రహాలూ, స్వాగత తోరణాలూ వద్దు. వచ్చే అడ్మిషన్ల లోగా గాత్రం పోస్టులు పర్మనెంటుగా నింపండి. ప్రతి క్లాసుకీ ఒక తంబురా ఇవ్వండి. పరీక్ష గదిలో శ్రుతిపెట్టె కట్టేసి, ముందు ఆ తంబురా శ్రుతి చెయ్యమని విద్యార్థి చేతికివ్వండి. చెయ్యలేనివాణ్ణి నిర్దాక్షిణ్యంగా ఇంకో ఏడాది కూర్చోబెట్టండి.