రాగం పేరే మిగిలింది

ఈ వారం నా మేనకోడలు ఫోన్‌కి ఒక రికార్డింగు పంపింది. బళ్ళారిలో వాళ్ళ పిల్లల బృందం అన్నమయ్య సంకీర్తనలు ఎనిమిది పాడింది. నాలుగు అందరికీ తెలిసిన వరసల్లో, నాలుగు వాళ్ళ సంగీతం మేడం కట్టిన కొత్త వరసల్లో. కొత్తవి మొదలవగానే చిరాకేసింది. పాత పాటకు వరస మారిస్తే నాకెంత కష్టమో ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు.

ఆ చిరాకుతోనే ఆదివారం బళ్ళారి దగ్గరి కప్పగల్లు పోయినాను. అక్కడి హిరేగుడ్డ అనే గుట్టకు చిన్నప్పుడు మా జేజినాయన తీసుకుపోయేవాడు. నల్లటి డోలరైట్ బండలు, వాటి మీద పొడుగు కొమ్ముల ఎద్దుల బొమ్మలు. కొత్త రాతియుగం మనుషులు చెక్కినవి. కొన్ని బండలకు చిన్న గిన్నెల్లాంటి గుంటలుంటాయి. జేజినాయన గుండ్రాయి తీసుకుని ఒక గుంటలో కొడితే బండ ఖంగుమనేది. ‘చెయ్యి పెట్టి చూడు’ అనేవాడు. అరచేతికి సన్నటి వణుకు తగిలేది. తరతరాలు కొట్టి కొట్టి అరిగిన గుంటలవి. ఇప్పుడు గుట్టను కొంత క్వారీలు తినేశాయి. ఉన్న బండలనైనా అరగనీయకూడదని ఈసారి నేను కొట్టలేదు, పక్కన కూర్చున్నాను.

బండ ఇప్పటికీ మోగుతుంది. దాని మీద ఆ రాతియుగం మనుషులు ఏం వాయించేవాళ్ళో మాత్రం మనకు అందలేదు. అన్నమయ్య సంగతీ అంతే కదా అనిపించింది. తిరుమల గుడిలో ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు 1922లో వెలుగులోకి వచ్చాయి. పాట నెత్తిన రాగం పేరుంది, కింద సాహిత్యముంది, స్వరాలు లేవు. పాడే గొంతులతోనే వరసలూ పోయాయి. నేను పాతవని పట్టుకున్నవి చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, తర్వాత గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివాళ్ళు నిన్నమొన్న కట్టినవే. మన పక్క అనంతపురం జిల్లాలో పుట్టిన శర్మగారు స్వరం రాసి అచ్చుకిచ్చారు కాబట్టి అవి నిలిచాయి. వరస కట్టడంలో ఆ మేడం చేసిందీ వాళ్ళు చేసిన పనే. తప్పు నాదే.

ఇంటికొచ్చి మేనకోడలికి ఫోన్ చేశాను. ‘రికార్డింగులో వరస ఎవరు కట్టారో, ఏ తాళమో ఎక్కడా చెప్పలేదు. మీ మేడంతో స్వరాలు రాయించి దాచిపెట్టు తల్లీ’ అన్నాను.

‘సరే మామా, ఆరో పాట ఎట్లుంది?’

ఆరోది కొత్త వరసే. రెండో చరణం ముందు మృదంగం ఆగుతుంది. పిల్లలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడుతుంది. దానికోసం నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నానని చెప్పాను.