నీరు ఎందాకా పారింది?

ఐరాల మండలంలోని కాణిపాకం కథ మా వైపు అందరికీ తెలిసిందే. ఒకరికి చూపు, ఒకరికి మాట, ఒకరికి వినికిడి లేని ముగ్గురు అన్నదమ్ములు కాణి మడి సేద్యం చేసుకునేవాళ్లు. బావి ఎండిపోతే ఇంకా లోతు తవ్వబోయారు, వినాయకుడు బయటపడ్డాడు. జనం కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి నేలంతా పారాయట. కాణి పారకమే, అంటే మడికి నీళ్లు పారడమే, కాణిపాకమైందంటారు. ఆ కథ ప్రకారం ఊరికి పేరు బావి లోతును బట్టి రాలేదు, నీరు పారిన మడిని బట్టి వచ్చింది.

నీటి సంరక్షణ పనులకు విలువ కట్టడం నా వృత్తి. అందులో ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఏళ్ల కిందట ఒక చెక్ డ్యాంను చాలా మంచి పని అని రాశాను. పునాది గట్టిది, ఖర్చు అంచనా దాటలేదు, పక్క బావుల్లో నీళ్లు పైకొచ్చాయి. మరుసటేడు కింది ఊరి పెద్దాయన ఒకాయన నన్ను వాళ్ల చెరువు కట్ట మీదికి పిలుచుకుపోయినాడు.

"కట్టింది బాగుండాది సార్. మా చెరువుకు రావాల్సిన నీళ్లు యాడ నిలిచిపోయినాయో కూడా రాసినారా?"

రాయలేదు. ఆ చెక్ డ్యాం దాటి కిందికి నేను అడుగే వేయలేదు.

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మరవ పారితేనే కింది చెరువుకు నీళ్లు. ఒకే వంక మీద వరుసగా కట్టలు వేస్తే, విడిగా చూసినప్పుడు ప్రతిదీ మంచి పనే. కరువొచ్చిన ఏడు ఆఖరి ఆయకట్టు ఎండినప్పుడే అసలు లెక్క తేలుతుంది. కరువు ప్రాంతాల పథకాలను సమీక్షించిన హనుమంతరావు కమిటీ కూడా నీటి పనులను వాటర్‌షెడ్ (ఒక వంకకు నీరు చేరే ప్రాంతమంతా) ప్రాతిపదికన చేపట్టాలని 1994లో చెప్పింది.

ఇలాంటి నీటి పనులకు కూలి ఇచ్చే ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అందులో పనిదినాలు లెక్కించాల్సిందే, కూలి అందాల్సిందే. కూలి చెల్లించాక కూడా నీటి లెక్క మిగిలే ఉంటుంది.

ఇప్పుడు నేను ఏ పని చూడబోయినా వంక వెంట కింది చెరువు దాకా నడుస్తాను. మరవ చివరిసారి ఎప్పుడు పారిందో అక్కడి రైతులను అడుగుతాను. పని విలువ రాసేది ఆ తర్వాతే.

మీ గ్రామసభలో కొత్త కట్టకు తీర్మానం చేసే రోజున కింది ఊరి రైతును కూడా పిలిచి కూర్చోబెట్టండి. ఆయన మాట విన్నాకే చెయ్యెత్తండి.