రోజు చెప్పని టీఎంసీ

పైథాన్‌లో ఒక ఫంక్షన్‌కు ఇవ్వాల్సిన ఆర్గ్యుమెంట్లలో కొన్నింటిని ముందే బిగించి, మిగిలినవి పిలిచేటప్పుడు ఇచ్చే సాధనం పార్షియల్. పీటర్ హారిస్ ప్రతిపాదించిన ఈ వెసులుబాటు 2006లో 2.5 వెర్షన్‌తో ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లోకి వచ్చింది.

వరదలొస్తే బెజవాడలో అందరూ వేసే లెక్కే దీనికి ఉదాహరణ. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ. టీఎంసీ(క్యూసెక్కులు, రోజులు) అనే ఫంక్షన్‌కు పార్షియల్‌తో రోజులు=1 అని బిగిస్తే ‘లెక్క’ అనే కొత్త ఫంక్షన్ తయారవుతుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద నమోదైన 11.43 లక్షల క్యూసెక్కులు దానికిస్తే దాదాపు 98.8 టీఎంసీలని చెబుతుంది. బ్యారేజీలో పట్టేది 3.07 టీఎంసీలే, ఆ ఉరవడిలో అది ముప్పావు గంట నీరు.

పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసే లాంబ్డా ఫంక్షన్‌తోనూ ఈ పని జరుగుతుంది, కానీ లూప్‌లో చిక్కొస్తుంది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలకు మూడు బటన్లు పెడితే, లాంబ్డా కాలువ పేరును నొక్కినప్పుడు వెతుక్కుంటుంది కనుక మూడూ రైవస్‌నే చూపుతాయి. పార్షియల్ తయారైన క్షణంలోనే విలువను పట్టేసుకుంటుంది.

బిగింపులోనూ తేడాలున్నాయి. పేరు లేకుండా ఇచ్చిన విలువలు ఎడమ నుంచి వరుసగా నిండుతాయి. మధ్యలో ఖాళీ వదిలే ప్లేస్‌హోల్డర్ 2025లో 3.14 వెర్షన్‌తో వచ్చింది. పేరుతో బిగించినది మాత్రం తాళం కాదు. లెక్క(11574, రోజులు=2) అంటే పైథాన్ కిక్కురుమనకుండా రెండు టీఎంసీలని చెబుతుంది. పేరు లేకుండా 2 అని ఇస్తేనే ఎర్రర్ వస్తుంది.

‘ఇన్‌ఫ్లో ఇన్ని టీఎంసీలు’ అని రాసి ఎంత సేపట్లోనో చెప్పని వరద వార్తలపై ఈ కాలమ్‌ది పాత పేచీ. ఈ వారం మళ్లీ అలాంటిదే కనబడింది. రోజును ఫంక్షన్‌లోనే బిగిస్తే ఆ జబ్బు కుదురుతుందనిపిస్తుంది. నిజానికి పార్షియల్ చేసేదీ అదే తప్పు: చదివేవారికి అవసరమైన కాలాన్నే కంటికి కనబడకుండా చేస్తుంది. బటన్ వెనుక దాగే విలువలకు పార్షియల్ సరిగ్గా సరిపోతుంది. పదిమంది చదివే లెక్కలో మాత్రం రోజులను పిలిచిన ప్రతిసారీ రాయాలి. లేదా మామూలుగా ఫంక్షన్ రాసే డెఫ్‌తో ‘రోజుకు_టీఎంసీ’ అని ఒక్క ఆర్గ్యుమెంటే తీసుకునే ఫంక్షన్ రాసుకోవాలి. అప్పుడు రోజులు=2 అన్నవారికి పైథానే ఎర్రర్ చూపుతుంది.