కార్టూనులోని తుపాకి

వినోదమునకై గీసిన బొమ్మల చేతిలో తుపాకి యెట్లుండవలెనను విచారము మా చదువరులలో కొందఱికి నవ్వు దెప్పింపవచ్చును. మాకును మొదట నట్లే తోచినది. సంక్రాంతికి మేము ఆత్మకూరులో బంధువుల యింట నుండగా, కాలేజీలో చదువుకొను పిల్లవాడొకడు చేతిఫోనులో 'ఆర్చర్' అను అమెరికా ధారావాహికను జూచుచు పొట్ట చెక్కలగునట్లు నవ్వుచుండెను. వాని నాయనమ్మ "బొమ్మలే గదా, చూడనీండి" అని చిన్నవాండ్రను గూడ ప్రక్కను గూర్చుండబెట్టినది. మేము వారించితిమి. వారించినవారమే ఆ రాత్రి కూర్చుండి కొన్ని భాగములు చూచితిమని యొప్పుకొనక తప్పదు.

బొమ్మలైనంత మాత్రమున బాలుర సొత్తు కాదు. ఆడమ్ రీడ్ కల్పించిన యీ ధారావాహిక 2009లో ఎఫ్.ఎక్స్. అను టెలివిజను ఛానెలున మొదలై, 14 సీజనులు నడచి, 2023లో ముగిసినది. ఇది పెద్దల కొఱకు దీసినది. మాటలలో నశ్లీలము మెండు. ఆ సంగతి యింతటితో విడుతుము. కథానాయకుడైన స్టెర్లింగ్ ఆర్చర్ తన తల్లి నడపు గూఢచారి సంస్థలో నుద్యోగి. త్రాగుబోతు, డంబములవాడు, ఆపద వచ్చినపుడు మాత్రము ఘటికుడు. అతని చేతిలోనిది జేమ్సుబాండు వాడుకచే లోకప్రసిద్ధమైన వాల్తర్ పి.పి.కె. పిస్తోలే.

గూఢచారి కథలు సాధారణముగా మఱుగుపఱచు రెండు విషయముల నీ హాస్యకథ మఱుగుపఱుపదు. మొదటిది చప్పుడు. మూసిన గదిలో నెవరైన తుపాకి ప్రేల్చినచో ఆర్చరునకు చెవులు గింగురుమనును. అతడు నోరు తెఱచుచు మూయుచు వింతధ్వని చేయుచు వినికిడిని పరీక్షించుకొనును. తరువాతి మాటలు వినబడక తికమక పడును. ఇది నవ్వు కొఱకు పెట్టినదే యైనను అబద్ధము కాదు. తుపాకి ప్రేలుడు సాధారణముగా 140 డెసిబెళ్లకు మించును. అట్టిధ్వని యొక్కమాఱు సోకినను లోచెవిలోని సూక్ష్మకణములు చెడవచ్చును. మనుష్యులకవి మరల మొలవవు. ఉదయగిరి దాపున వెలిగొండల క్రింద పొలముగల వృద్ధు నొకని మేమెఱుగుదుము. వయసులో అడవిపందుల కాపునకు మందు కూరు తుపాకి పట్టినవాడు. పైరు కాపాడుకొనుటకు అట్టి తుపాకికి అనుమతి యిచ్చుటకు 1959 నాటి ఆయుధముల చట్టములోనే తావున్నది. ఆయనను ఎడమవైపునుండి యెంత బిగ్గఱగా బిలిచినను పలుకడు. కుడిభుజమున నానించి కాల్చువానికి ఎడమచెవియే గొట్టపుమూతికి దగ్గఱ గదా! ఈ సంగతి మా కే చిత్రకథయు జెప్పలేదు; ఆ ముసలివాని చెవి చెప్పినది.

రెండవది లెక్క. ఎదిరివాడు కాల్చుచుండగా ఆర్చర్ తూటాలను లెక్కించును. అవి యయిపోయినవని తెలిసికొని చాటునుండి వెడలును. మన తెలుగు తెరపై 1966 నాటి 'గూఢచారి 116' మొదలుకొని గూఢచారు లెందఱో వచ్చిరి. నెల్లూరే రంగముగా 2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' అను హాస్యచిత్రమును వచ్చినది. అందు నవ్వు ముఖ్యముగా డిటెక్టివు వేషము మీదిది. మన తెర తుపాకులలో తూటా లెన్ని పట్టునో లెక్కించిన ప్రేక్షకుని మేమింతవఱకు గానము.

ఇంతవఱకు మెచ్చుకొంటిమి. ఇక మా తగవు బ్రెట్ అనువానిని గూర్చినది.

బ్రెట్ ఆ సంస్థలోని చిల్లర యుద్యోగి. ఎవరి చేతి తుపాకి పొరపాటున ప్రేలినను, ఎవరి గురి తప్పినను, ఆ గుండు వెదకికొని పోయినట్లు వానికే తగులును. వాడు మూలుగును, మనము నవ్వుదుము, కథ సాగిపోవును. 2014లో అయిదవ సీజను మొదటి భాగమున ఎఫ్.బి.ఐ. వారు సంస్థపై దాడి చేసినపుడు వాడు గుండు తగిలి చచ్చును. అదియు హాస్యమే.

గుండుదెబ్బ యెట్టిదో తెలియక యిట్లు వ్రాసిరా యనిన, కాదు. 2016లో ఏడవ సీజను తుద ఆర్చరునకే గుండ్లు తగిలి ఈతకొలనిలో తేలును. పిమ్మట మూడు సీజనులు అతని మూర్ఛలోని కలలుగా నడచును. మేల్కొనినవాడు 2020లో చేతికఱ్ఱతో నడచును. కథానాయకుని దేహమున బడిన గుండునకు మూడు సీజనుల మూల్యము, గుమాస్తా దేహమున బడినదానికి ఒక్క నవ్వు!

ఎదిరిపక్షమువారు చెప్పునది మేమెఱుగుదుము. అజాగ్రత్తగా బట్టిన తుపాకి గుండు గురిలో లేనివానికే తగులునని చూపుటయే వ్యంగ్యమని వారి వాదము. మొదటిమాఱు అట్లే యని మేమును సమ్మతింతుము. నాలుగవమాఱు వచ్చుసరికి తుపాకి తీయక మునుపే బ్రెట్ ఎక్కడనున్నాడో యని మా కన్నులు వెదకినవి, నవ్వుటకు సిద్ధపడి. పరిహాసము అజాగ్రత్తనుండి దెబ్బతినువాని మీదికి ఎప్పుడు మాఱినదో మేము గమనింపనే లేదు.

ఇది యొక్క అమెరికావారి దోషమే యనుట న్యాయము కాదు. 1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును గైకొనెనని మనము బడిలో వల్లించితిమి. ఆ కొండ క్రింద కూలిన బంట్ల పేర్లు మనల నెవ్వరు నడుగలేదు. నేడును పందులవేటలో తుపాకి పట్టువాని పేరు ఊరెల్ల దెలియును. ఎదుట పొదలు గొట్టు కూలివానిని ఎవరు తలతురు? గుండు తప్పిన పోవునది వాని వైపునకే.

మఱునాడు మేమా పిల్లవానిని పరీక్షింపబోతిమి. ఆర్చరు పిస్తోలు పేరేమి, ఏ దేశపుది యనగా తడుముకొనక చెప్పినాడు. లానా యనునామె రెండు చేతుల బట్టు టెక్-9 తుపాకులను గూర్చి యడుగకయే వివరించినాడు. ఆ సంస్థలో మాటిమాటికి గుండు తగులువాని పేరేమని యడిగితిమి.

"వాడా? వాడు భలే కామెడీ తాతా. పేరు గుర్తు లేదు."

చిన్నవాండ్ర చేతినుండి ఫోనును నాయనమ్మ యప్పటికే తీసికొని బీరువాలో బెట్టినది.