బ్రెల్ పాట, న్యూయార్క్ గొంతులు

1968 జనవరిలో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో, విలేజ్ గేట్ అనే నైట్‌క్లబ్బులో, చాంతాడంత పేరున్న ఒక పాటల ప్రదర్శన మొదలైంది. పేరు ‘జాక్ బ్రెల్ ఈజ్ అలైవ్ అండ్ వెల్ అండ్ లివింగ్ ఇన్ పారిస్’. బెల్జియంలో పుట్టి పారిస్‌లో పేరు తెచ్చుకున్న బ్రెల్ ఫ్రెంచి పాటలను నలుగురు గాయకులు ఇంగ్లీషులో పాడారు. అదే ఏడాది అక్టోబరులో బ్రస్సెల్స్‌లోని మొన్నే నాటకశాలలో అదే బ్రెల్ ‘మ్యాన్ ఆఫ్ లా మాంచా’ అనే అమెరికన్ మ్యూజికల్‌ను తానే ఫ్రెంచిలోకి తెచ్చి, తానే డాన్ క్విక్సోట్ వేషం కట్టాడు. పాటలు అట్లాంటిక్ దాటి అటు పోతే, నాటకం ఇటు వచ్చింది. అటు వెళ్ళినవి 1975లో సినిమా కూడా అయ్యాయి. ఆ సినిమా గురించి మాట్లాడాలంటే ఈ రెండు ప్రయాణాలనూ కలిపి చూడాలి. విమర్శకులు సాధారణంగా మొదటిదాన్నే పట్టించుకుంటారు.

ఇంగ్లీషు మ్యూజికల్ సంగతి మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’, ‘మై ఫెయిర్ లేడీ’ చూసినవాళ్ళకు పాట పాత్రదనీ, కథ ఒక మలుపు దగ్గరకొచ్చి మాటలు చాలనప్పుడు పాత్ర పాట అందుకుంటుందనీ తెలుసు. మన సినిమా పాటదీ దాదాపు ఇదే పద్ధతి. దర్శకుడు సందర్భం చెబుతాడు, ఒకరు బాణీ కడతారు, ఒకరు మాటలు కూరుస్తారు, ఒకరు గొంతు ఇస్తారు, ఇంకొకరు ముఖం ఇస్తారు. ఇంతమంది చేతులు పడ్డా పాట అతికినట్టుంటే మెచ్చుకుంటాం. అందులో తప్పేమీ లేదు, అదొక గొప్ప కళ.

ఫ్రెంచివాళ్ళు షాన్సన్ అనే పాట దారి మాత్రం పూర్తిగా వేరు. అక్కడ రాసేవాడు, బాణీ కట్టేవాడు, పాడేవాడు చాలావరకు ఒకడే. వాగ్గేయకారుడన్న మాట ఉన్న మనకు ఆ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. కాకపోతే ఈ వాగ్గేయకారుడి ముందు దేవుడి విగ్రహం లేదు, పొగాకు పొగ ఉంది, సారా గ్లాసులున్నాయి. బ్రెల్ 1929లో బ్రస్సెల్స్‌లోని స్కార్బెక్‌లో పుట్టాడు. తండ్రికి అట్టపెట్టెల కర్మాగారంలో వాటా. కొడుకూ అందులోనే కొన్నాళ్ళు పనిచేశాడు, ఇష్టం లేకుండా. 1953లో కొత్త గాయకులను వెతికే జాక్ కనెత్తి పిలిస్తే పారిస్ చేరి, చిన్న చిన్న క్యాబరేలలో మొదలుపెట్టి, ఒలింపియా రంగశాలకు ఎదిగాడు. వేదిక మీద అతనొక్కడే. వెనక తెర చాటున వాద్యబృందం, ముందు మైకు, మధ్యలో చెమట కారుతూ చేతులు విసురుతూ ఒక మనిషి. పాట నెమ్మదిగా మొదలై, చరణం చరణానికీ బిగిసి, చివర గొంతు చిరిగేంతగా పెరిగి, టక్కున ఆగిపోతుంది. జనం ఎంత చప్పట్లు కొట్టినా మళ్ళీ వచ్చి పాడడు. ‘ఆమ్‌స్టర్‌డామ్’ పాటనైతే స్టూడియోలో రికార్డు చేయనేలేదు, ఇవాళ మనం వినేది 1964 ఒలింపియా కచేరీలోని గొంతే. పాట అంటే ఆ రాత్రి, ఆ ఒంటి మనిషి. ఆ మనిషిని తీసేస్తే పాటలో ఏం మిగులుతుందన్నదే అనువాదకుల ముందున్న అసలు చిక్కు.

న్యూయార్క్ ప్రదర్శన కోసం ఈ పాటలను ఇంగ్లీషులోకి తెచ్చిన మోర్ట్ షూమన్, ఎరిక్ బ్లావ్ ఆ చిక్కును తెలివిగా దాటారు. షూమన్ అప్పటికే డాక్ పోమస్‌తో కలిసి ‘సేవ్ ది లాస్ట్ డాన్స్ ఫర్ మీ’ లాంటి అమెరికన్ హిట్లకు బాణీ కట్టినవాడు, పాట జనం నోట్లో ఎలా నిలుస్తుందో తెలిసినవాడు. వాళ్ళు బ్రెల్‌కు నకలును వెతకలేదు. ఒక మనిషిని నలుగురిగా పంచారు. మొదటి బృందంలో షూమన్ తానే ఒకడు. బ్లావ్ భార్య ఎలీ స్టోన్, షాన్ ఎలియట్, ఆలిస్ విట్‌ఫీల్డ్ మిగతా ముగ్గురు. కథ లేదు, సంభాషణ లేదు, పాట వెంట పాట. బ్రెల్ గొంతులో సైనిక వేశ్యాగృహం ముందు వరసలో నిలబడ్డ కుర్రాడి గోడు వింటే, ఆ అవమానం ఒకడిదే అనిపిస్తుంది. నలుగురి మధ్య నిలబడి అదే గోడు వినిపిస్తే అది ఒక తరానిదౌతుంది. అలాగే, తాగి ఏడుస్తున్న జెఫ్ అనే స్నేహితుణ్ణి ఓదార్చే పాట ఫ్రెంచిలో ఇద్దరు తాగుబోతుల ముచ్చట. ఇంగ్లీషులో దానికి దాదాపు ప్రార్థన లక్షణం వచ్చింది. ఏది మేలంటే నేను చెప్పలేను. మొదటిదానిలో మనిషి కంపు ఉంది, రెండోదానిలో మనుషుల వేడి ఉంది.

కొన్నిచోట్ల వాళ్ళ చనువు మరీ ఎక్కువ. ‘లే ఫ్లామాంద్’ అనే పాటలో బ్రెల్ ఫ్లెమిష్ ఆడవాళ్ళను, వాళ్ళ చర్చి భక్తిని, లెక్క ప్రకారం సాగే వాళ్ళ జీవితాన్ని ఎగతాళి చేశాడు. తనది కూడా ఫ్లెమిష్ మూలాలున్న కుటుంబమే, అయినా ఫ్లాండర్స్‌లో జనం మండిపడ్డారు. న్యూయార్క్ ప్రేక్షకుడికి ఆ గొడవతో పనేముంది? అందుకని బాణీ ఉంచుకుని మాటలన్నీ పారేసి, ఆగకుండా సాగే నాట్యపోటీ రూపంలో ఇరవయ్యో శతాబ్దం మీద కొత్త పాట రాసి, దానికి ‘మారథాన్’ అని పేరు పెట్టి ప్రదర్శనకు మొదటి పాటగా నిలిపారు. దీన్ని అనువాదం అనలేం. ఎద్దుల పోరు పాట ‘లే తొరో’ సంగతి మరోలా ఉంది. బ్రెల్ అక్కడ ఎద్దు చావునుంచి మనుషుల యుద్ధాలకు దూకి, వాటర్లూ, వెర్దన్ పేర్లు తలుస్తాడు. ఇంగ్లీషువాళ్ళు ఆ జాబితాను హిరోషిమా మీదుగా సైగాన్ దాకా పొడిగించారు. వియత్నాం యుద్ధం మండుతున్న ఏడాది, కుర్రాళ్ళకు సైన్యం నుంచి పిలుపులొస్తున్న ఊళ్ళో ఆ పేరు వినపడగానే గది ఎలా మారిపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇది మూలానికి ద్రోహం కాదు. బ్రెల్ వేసిన బాణాన్నే వాళ్ళు ఇంకో పదడుగులు ముందుకు పంపారు. ప్రదర్శన నాలుగేళ్ళపాటు పద్దెనిమిది వందలకు పైగా ఆటలు ఆడిందంటే అందులో ఆ పేరుకూ వాటా ఉంది.

చనువు ఒక్క అమెరికన్లదే అనుకోనక్కర్లేదు. బ్రెల్ కూడా ‘లా మాంచా’ను అదే చనువుతో పట్టుకున్నాడు. న్యూయార్క్‌లో ఆ నాటకం చూసి వచ్చేనాటికి అతను కచేరీలు మానుకునే పనిలో ఉన్నాడు. 1967 మేలో రూబే పట్టణంలో చివరిసారి పాడేశాడు. ఇక గాయకుడిగా వేదిక ఎక్కనన్నవాడు మరుసటి ఏడాదే పరాయి నాటకంలో పాత్రగా ఎక్కాడు. మిచ్ లీ బాణీకి జో డారియన్ రాసిన ‘ఇంపాజిబుల్ డ్రీమ్’ బ్రెల్ చేతిలో ‘లా కేత్’ అయింది. ఇంగ్లీషులో అది పిచ్చి ఆదర్శవాది పాత్ర తన ధర్మం ప్రకటించుకునే పాట. ఫ్రెంచిలో మాత్రం అది బ్రెల్ తన గురించే పాడుకున్న పాటగా నిలిచిపోయి, ఇప్పటికీ ఫ్రాన్స్‌లో చాలామంది దాన్ని అతని సొంత పాటలా తలుచుకుంటారు. న్యూయార్క్‌వాళ్ళు ఒక్కడి పాటను నలుగురికి పంచితే, బ్రెల్ నాటకమంతటినీ తన ఒక్కడిలోకి లాక్కున్నాడు. ఇద్దరూ పరాయి సొత్తును తమ ఇంటి ఆచారంలోకి మార్చుకున్నవాళ్ళే. అక్కడ ఆచారం బృందం, ఇక్కడ ఆచారం ఏకాంతం.

ఈ రెండు ఆచారాల మధ్య బంధుత్వం కూడా తక్కువేం కాదు. బ్రెల్ మొదలైన క్యాబరేలూ, విలేజ్ గేటూ ఒక జాతివే. బల్లలు, గ్లాసులు, చేయి చాస్తే అందేంత దగ్గర్లో గాయకుడు. అందుకే బ్రాడ్వే పెద్ద వేదిక మీద తేలిపోయే పాటలు అక్కడ నిలబడ్డాయి. మరొకటి వాల్ట్‌జ్ నడక. చరణం చరణానికీ వేగం పెంచుతూ చివరికి మాటలు తడబడేంతగా పరుగెత్తే ‘లా వాల్స్ ఆ మిల్ తాం’ పాటను ఎలీ స్టోన్ ‘క్యారౌసెల్’గా పాడితే, ఫ్రెంచి ముక్క రానివాడికీ అదే కైపు ఎక్కుతుంది. వేగానికి అనువాదం అక్కర్లేదు. ఇదే కాలంలో బ్రెల్ పాటలను ఇంగ్లీషులోకి తెచ్చిన మరో అమెరికన్ రాడ్ మెక్‌క్యూన్ చేసిన పని చూస్తే షూమన్, బ్లావ్‌ల విలువ ఇంకా తెలుస్తుంది. చావుబతుకుల్లో ఉండి కూడా భార్య ప్రియుణ్ణి దెప్పకుండా ఉండలేని ‘ల మొరిబాం’ మనిషి, మెక్‌క్యూన్ మాటల మీదుగా టెర్రీ జాక్స్ గొంతుకు చేరి, 1974లో ‘సీజన్స్ ఇన్ ది సన్’గా అమెరికాలో మొదటి స్థానం కొట్టేసరికి అందరికీ తీపి వీడ్కోలు చెప్పే మంచివాడైపోయాడు. న్యూయార్క్ ప్రదర్శన బ్రెల్‌ను చాలా మార్చింది గాని, మెత్తబరచలేదు.

ఇక సినిమా. ఎలీ లాండౌ నడిపిన అమెరికన్ ఫిల్మ్ థియేటర్ అనే సంస్థ పెద్ద నాటకాలను వాటి పాఠం చెడకుండా తెరకెక్కించి, చందా కట్టిన ప్రేక్షకులకు ఎంచిన తేదీల్లోనే చూపేది. ఆ వరసలో క్విబెక్ దర్శకుడు డెని ఎరూ ఈ ప్రదర్శనను తీశాడు. ఎలీ స్టోన్, షూమన్, జో మాసియెల్ పాడారు. ఉద్దేశం మంచిదే. కానీ కాపాడాల్సిన పాఠమే లేని ప్రదర్శన ఇది. పాటకూ పాటకూ మధ్య వేదిక మీద ఉన్న ఖాళీయే దానికి ఊపిరి. సినిమా ఆ ఖాళీని వింత దృశ్యాలతో, వేషాలతో నింపేసింది. బ్రెల్ పాటలో ఓడరేవూ, నావికులూ, చేపల వాసనా అన్నీ మాటల్లోనే ఉన్నాయి. వాటికి మళ్ళీ బొమ్మ వేసి చూపిస్తే చెప్పిందే చెప్పినట్టుంటుంది. బొమ్మ పాటకు సంబంధం లేకుండా పోతే ప్రేక్షకుడి చెవి కంటి వెనకాల పరుగెడుతుంది. అడపాదడపా గాయకుల ముఖాన్ని దగ్గరగా పట్టుకున్నప్పుడు మాత్రం ప్రాణం లేచొస్తుంది. దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ బిల్లీ వైల్డర్ 1963లో తీసిన ‘ఇర్మా లా దూస్’. మార్గరిత్ మొన్నో స్వరపరచిన ఆ ఫ్రెంచి మ్యూజికల్ నుంచి వైల్డర్ కథ ఉంచుకుని పాటలన్నీ తీసేశాడు. ఎరూకు కథే లేదు, పాటలే ఉన్నాయి. ఇద్దరిలో వైల్డర్‌దే తేలిక పని అనిపిస్తుంది, పాటల ప్రేమికుడిగా ఈ మాట ఒప్పుకోవడం నాకు కష్టమే అయినా.

ఆ సినిమాలో ఒకచోట బ్రెల్ స్వయంగా కనిపిస్తాడు. బల్ల దగ్గర కూర్చుని ‘న మ కిత్ పా’ పాడతాడు, ఫ్రెంచిలోనే. మగవాడి పిరికితనం గురించిన పాటగా అతను చెప్పుకున్నదాన్ని లోకమంతా ప్రేమగీతంగా వాడుకుంది. ఇక్కడ చూస్తే అతను చెప్పిందే నిజమనిపిస్తుంది. కచేరీలు మానేసి ఏళ్ళయిన మనిషి, కేకలు లేవు, చేతుల విసురు లేదు. సినిమా అంతటిలో అనువాదం కాని పాట ఇదే, అందరికీ గుర్తుండేదీ ఇదే. దీన్ని చూపి ఇంగ్లీషు పాటలన్నీ దండగంటారు కొందరు. ఆ వాదన నాకు నచ్చదు. ఆ పాటల వెంట వచ్చిన ప్రేక్షకుడు కాబట్టే బ్రెల్ ముఖం ముందు అంత నిశ్శబ్దంగా కూర్చోగలిగాడు. పైగా స్కాట్ వాకర్, డేవిడ్ బోవీ లాంటి వాళ్ళు బ్రెల్‌ను పాడింది ఎక్కువగా షూమన్ మాటల్లోనే. ఇంగ్లీషు రాక్ సంగీతంలో బ్రెల్ నీడ ఉందంటే అది చాలావరకు ఈ దారిన వచ్చిందే.

1974లో బ్రెల్ ఆస్కోయ్ అనే పడవ కొనుక్కుని సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. 1978 అక్టోబరులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పారిస్ దగ్గర బొబిన్యీలో చనిపోయాడు. మార్కెసస్ దీవుల్లో, చిత్రకారుడు గోగాఁ సమాధికి దగ్గర్లో పూడ్చారు. ప్రదర్శన మాత్రం అదే పేరుతో 2006లో న్యూయార్క్‌లో మళ్ళీ ఆడింది.

ఈ పాటలు కొత్తగా వినబోయేవాళ్ళకు నా సలహా ఒక్కటే. సినిమాతో మొదలుపెట్టకండి. 1964 ఒలింపియా ‘ఆమ్‌స్టర్‌డామ్’ విని, ఆ వెంటనే 1968 న్యూయార్క్ బృందం రికార్డు పెట్టండి. సినిమా మూడోది. అందులో మీరు ముందుకు తోసేయకుండా చూడాల్సింది బ్రెల్ కూర్చున్న ఆ ఒక్క పాట.