పెట్టె ధర చూస్తే సరిపోదు

చిన్న కొట్టుకి కంప్యూటర్ ఏది కొనాలని అడిగినవాళ్లని నేను ముందు అడిగేది ఒకటే: ఈ పెట్టె కొన్నాక బిల్లు కాగితం చేతికి రావాలంటే ఇంకేమేం కొనాలి? పాత యంత్రాల్లో ఈ ప్రశ్నకి సూటిగా జవాబిచ్చింది, నా దృష్టిలో, 1985లో బ్రిటన్‌లో వచ్చిన ఆమ్‌స్ట్రాడ్ పీసీడబ్ల్యూ 8256.

అంతకు ముందువాటి సంగతి చూడండి. 1981లో ఐబీఎం పీసీ ధర 1,565 డాలర్ల నుంచి మొదలు. ఆ డబ్బుకి వచ్చేది 16 కేబీ మెమరీ. మానిటర్ లేదు, ఫ్లాపీ డ్రైవ్ లేదు, ప్రింటర్ మాట సరేసరి. టీవీకి తగిలించి, క్యాసెట్ టేపులో దాచుకుంటూ కొట్టు లెక్కలు ఎవరు రాస్తారు? అదే ఏడాది 1,795 డాలర్లకి వచ్చిన ఆస్‌బోర్న్ నయం. రెండు డ్రైవులు, వర్డ్‌స్టార్, సూపర్‌కాల్క్ దాంతోపాటే ఇచ్చారు. తెర మాత్రం ఐదంగుళాలే. వరుసకి 52 అక్షరాలే కనిపించేవి. పైగా ఆ కంపెనీ 1983లోనే దివాలా తీసింది.

కంపెనీ స్థాపించిన ఆలన్ షుగర్ గారి ఆమ్‌స్ట్రాడ్ 399 పౌండ్లు, వ్యాట్ అదనం. మానిటర్, కీబోర్డు, డ్రైవ్, ఉత్తరాలు రాసుకునే లోకోస్క్రిప్ట్, ఆఖరికి ప్రింటర్, అన్నీ అందులోనే. ప్రింటర్‌కి కరెంటు కూడా మానిటర్ నుంచే వెళ్లేది. వరుసకి 90 అక్షరాలు పట్టే పచ్చ అక్షరాల తెర, ఉత్తరం వెడల్పంతా ఒకేసారి కనిపించేది.

చవకగా ఇచ్చినవాడు ఎక్కడో కోత పెట్టే ఉంటాడు కదా. మంచి అచ్చు కావాలంటే ప్రింటర్ సెకనుకి 20 అక్షరాలే కొట్టేది. రెండు వేల అక్షరాల ఉత్తరానికి నిమిషన్నర పైనే. ఈలోగా టీ తాగొచ్చు, అది బాధ కాదు. అసలు బాధ డిస్కుది. అది మూడంగుళాల రకం, ఐబీఎం పెట్టుకున్న ఆడిటర్ దగ్గరికి పట్టుకెళితే ఆయన డ్రైవులో దూరదు. ఒక పక్క 180 కేబీ నిండగానే గ్రామఫోన్ రికార్డులా తిరగేసి పెట్టాలి.

ఆ రోజుల్లో నన్నడిగి ఉంటే ఇంకో 100 పౌండ్లు పెట్టి ఇదే వరసలోని పీసీడబ్ల్యూ 8512 తీసుకోమనేవాణ్ణి. దాని రెండో డ్రైవులో 720 కేబీ పడుతుంది. ప్రోగ్రాం డిస్కు మొదటిదాంట్లో, ఖాతాలు రెండోదాంట్లో ఉంచుకోవచ్చు, మాటిమాటికీ మార్చే పని తగ్గుతుంది. ఆడిటర్‌కి మాత్రం ప్రింట్ తీసి ఇవ్వాల్సిందే.